అర సెకండు

కాంటా రూముల రాత్రి చీటీలు రాసేది నేను.
బండి ఖాళీ బరువు, నిండు బరువు,
నడుమ తేడా ఏదుందో అదే గుట్ట.
దేవరకొండ తొవ్వలున్న ఆ గుట్టను
ఏడేండ్ల సంది తేడా తేడాగ సాగనంపుతున్నం.

తూటాలు పేల్చేది కుర్మయ్య.
ఎడమ చేతికి మూడే వేళ్ళు.
లెక్క ఎనిమిది దాటితే
నా వేలు బదులడుగుతడు.

ముప్పై ఏండ్లు పేల్చిండు. ఒక్కటి గూడ సూడలే.
"బత్తి ముట్టించినోడు మళ్ళి సూస్తడా బిడ్డా,
ఉరుకుతడు గాని.
ముందుగాల అదురు అరికాళ్ళకొస్తది,
అటెన్క సప్పుడు, అటెన్క నోట్లె దుమ్ము.
ఏ బండ ఎట్ల పగిలిందో నా వీపునడుగు, జెప్తది."

టిప్పర్ క్లీనర్ ఇద్రీస్‌కు పంతొమ్మిదేండ్లు.
రాత్రి బండి క్యాబిన్ల పండి
పగిలేటివే సూస్తడు.
గుడ్డు మీద సుత్తె. పుచ్చకాయలకు తూటా.
నీళ్ళ బుగ్గకు సూది గుచ్చితే
రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది,
నీళ్ళు మాత్రం ఇంకా బుగ్గ లెక్కనే గుండ్రంగ నిలబడ్డయి.
ఏముందిరా ఇండ్ల, అన్న.
"పగిలినట్టు దానికింకా ఎర్కలేదు జూడక్కా.
గా ఎర్కలేని జాగ ఉన్నది జూడు,
గదే మజా."

సోమారం పగటీలి సైరన్ మోగంగ
వాడే ఫోన్ తెచ్చి కాంటా గోడ మీద నిలబెట్టిండు.
రాత్రి చాయ్ తాగుతుంటే సూపెట్టిండు.

సప్పుడు లేదు.
గుట్ట ఇంత ఊపిరి పీల్చింది,
పెంక మీద జొన్నరొట్టె పొంగినట్టు.
బొక్కల వరసెంట తెల్లదుమ్ము
ఒకటి లేచినంక ఒకటి, తొందర లేకుంట.
ఒక పగులు బయలెల్లింది
తెలియని ఊర్ల ఇల్లు అడుక్కుంట పోయే ముసలవ్వ లెక్క,
ఆగి, ఇటు తిరిగి, మల్ల అటు.
గదంత బండ గాలిలకు లేచి
ఎటు పడాల్నో తేల్చుకోలేక కొంచెం ఒరిగింది.
దాని కింది నుంచి కౌజుపిట్ట.
ఒక రెక్క ఇప్పింది.
రెండోది ఇప్పేటాలకు తెరంత దుమ్ము.

కుర్మయ్య చాయ్ మీద మీగడ కట్టింది.
"మల్ల పెట్టు."
పెట్టిండు.
"మల్ల."
తొమ్మిదోసారికి నా వేలు పట్టుకున్నడు.

"ఇది నిజంగ ఎంతసేపురా?"
"అర సెకండు పెద్దయ్యా. సాగదీస్తే పదారు సెకండ్లయింది."
"అర సెకండుల మనిషి ఎన్నడుగులేస్తడు?"

ఇద్రీస్ నవ్విండు. వానికి తెల్వది.
నాకు తెలుసు.
పేలని తూటా ఏమైందోనని
వంగి సూడబోయిన మాసన్న,
పది మూరల దూరంల కుర్మయ్య.
ఇరవై రెండేండ్ల సంది
నిద్రల ఆ పది మూరలే నడుస్తున్నడని
వాళ్ళింటామె ఒకపారి నాతోని అన్నది.

"నువ్వే గుంజి సూడు పెద్దయ్యా, నేను తీస్తా.
ఒకటి, రెండు, ఆ."
గుంజిండు.

తెరలో కుర్మయ్య.
ఆ మూడు వేళ్ళు మోకాలిని విడువనీకే
సగం కాలం పట్టింది.
కనురెప్ప ఒకటి కిందికి దిగింది, మల్ల లేవలే.
నోరు తెరుసుకుంటున్నది, మాట ఇంకా లోపలే ఉన్నది.
చెయ్యి వస్తున్నది, వస్తున్నది,
చాయ్ గిలాస దాంక వచ్చి
పదారు సెకండ్లు అయిపోయినయి.

జానెడు.

తన చెయ్యిని ఆయన అట్లనే సూసుకుంట కూసున్నడు,
ఎవలదో వస్తువు ఎవలో తెచ్చిచ్చినట్టు.
"మంచి ఫోను," అన్నడు కొంతసేపటికి.
చల్లారిన చాయ్ మీగడతోనే తాగిండు.
హారన్ కొట్టుకుంట బండి కాంటా మీదికెక్కింది.
పద్దెనిమిది టన్నుల నాలుగు వందల కిలోలు.
రాసిన.

తెల్లారి సైరన్ మోగింది.
కుర్మయ్య మీట నొక్కి వీపు తిప్పిండు, ఎప్పటి లెక్కనే.
షెడ్డు కాడికెళ్ళి మేస్త్రి ఒర్లుతున్నడు
ఉరుకు, ఉరుకు అని.
ఉరకలే.
చేతులెనుకకు కట్టుకోని
నడుసుకుంట వస్తున్నడు.
ఆయనెనుక గుట్ట
అప్పుడే ఊపిరి పీలుస్తున్నది.